సీ భాషలో పట్టికల నిర్మాణము: తాళపత్ర గ్రంథసూచి

తాళపత్ర గ్రంథముల సూచి స్వభావముచేతనే ఒక పట్టిక. గ్రంథనామము, కర్త, పత్రసంఖ్య అనునవి నిలువు వరుసలు. ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్క అడ్డువరుస. ఇట్టి సూచిని కంప్యూటరునందు నిక్షేపింపదలచిన పరిశోధకులకు ఉపకరించునట్లు, 1970వ దశకారంభమున బెల్ లాబొరేటరీలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో ఆ పట్టికను నిర్మించు విధమును ఇచట సంగ్రహముగా వివరించెదము.

సీ భాషలో అరే యనగా ఒకే జాతి విలువలను వరుసగా నిలుపు శ్రేణి. లెక్క సున్నతో మొదలగును. 500 వరుసలున్నచో కడపటిది 499. ఆ హద్దు దాటినను భాష తనంతట వారింపదు.

గ్రంథనామములకు ఒక అరే, కర్తలకు వేరొక అరే ఏర్పరచుట సులభముగా తోచును. కాని అందొక ప్రమాదము కలదు. వసుచరిత్రము, మనుచరిత్రము, ఆముక్తమాల్యద అను క్రమమున నామములను, రామరాజభూషణుడు, పెద్దన, కృష్ణదేవరాయలు అను క్రమమున కర్తలను వ్రాసితిమనుకొందము. నామములను మాత్రము అకారాదిగా మార్చినచో ఆముక్తమాల్యద రామరాజభూషణునిదగును, వసుచరిత్రము రాయలదగును. నడుమనున్న మనుచరిత్రము మాత్రము పెద్దనకే నిలుచును. అది సరిగా నుండుటచేత దోషము త్వరగా కంటబడదు.

దీనికి పరిహారము స్ట్రక్ట్. ఇది భిన్నజాతులకు చెందిన అంశములను ఒక్క కట్టగా కూర్చును. స్ట్రక్ట్ ఒక పత్రము వంటిది. స్ట్రక్టుల అరే సూత్రమున గ్రుచ్చిన పత్రముల కట్ట వంటిది. పత్రమును ఎచటికి జరిపినను దానిపై నున్నదంతయు దానితోనే పోవును. నామమునకు 64 బైట్లు, కర్తకు 64, పత్రసంఖ్యకు 4 చొప్పున వరుసకు 132 బైట్లు. 500 వరుసలకు 66,000 బైట్లు.

ఇక తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసిన దొకటి కలదు. సీ భాషలో ఛార్ అరే పొడవు బైట్లలో లెక్క, అక్షరములలో కాదు. యూనికోడునందలి తెలుగు సంకేతమొక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు. వసుచరిత్రము మనకు ఆరక్షరములు. గుణింతపు గుర్తులను, పొల్లును వేరుగా లెక్కించుటచే యంత్రమునకు 11 సంకేతములు, అనగా 33 బైట్లు. ముగింపు సున్నతో 34. ఆముక్తమాల్యదయు ఆరక్షరములే, కాని 12 సంకేతములు, సున్నతో 37 బైట్లు. కావున 32 బైట్ల గడి రెంటికిని చాలదు. ముగింపు సున్నకు చోటుంచి 31 బైట్లకు కత్తిరించినచో వసుచరిత్రమునందు కడపటి కొమ్ము విరిగి, ఒక అనాథ బైటు మిగులును.

కావున పట్టిక నిర్మాణమునకు ముందే అతి దీర్ఘమైన నామమును బైట్లలో కొలిచి, దానికి ఒకటి చేర్చి, గడి పరిమాణమును నిర్ణయింపవలెను. పరిష్కర్త ప్రతులలోని పాఠమును కాపాడుటకు ఎంత శ్రద్ధ వహించునో, సూచీకర్త వరుసల పొందికను, అక్షరముల పూర్ణతను కాపాడుటకును అంత శ్రద్ధ వహింపవలెను. సూచిలో తప్పిన పేరుగల ప్రతి, భాండాగారమున నుండియు లేనిదానితో సమానము.