వేటసామానుల క్యాటలాగులు

కొనుటకు కాక చదువుటకే తెప్పించుకొనెడి పుస్తకములు కొన్ని ఒకప్పుడు ఉండెడివి. వానికి గ్రంథకర్త లేడు, కథ లేదు, నాయకుడు లేడు. పుట తెరచినచో తుపాకులు, తూటాలు, గాలములు, వెదురు కఱ్ఱలు, గుడారములు, లాంతరులు, నీటి తిత్తులు కనబడును. ప్రతి వస్తువునకును ఒక బొమ్మ, ఒక సంఖ్య, ఒక కొలత, ఒక వెల. అవే వేటసామానుల క్యాటలాగులు. విదేశములలో నేడు వయసు మీరినవారు అనేకులు వానిని తలచుకొని మురియుదురు. పాత ప్రతులను వెదకి కొని దాచుకొందురు. మన తెలుగునాట, అందును పాలమూరు సీమలోని కొత్తకోట వంటి ఊళ్ళలో, ఈ మురిపెమునకు తావున్నదా? ఉన్నచో దేనిని తలచుకొని మురియవలెను? ఈ విషయమును కొంత విచారింతము.

1871లో లండను నగరమున సైన్యాధికారులును నౌకాదళాధికారులును కొందరు కూడి, సరకులను టోకున కొని తమలో తాము చౌకగా పంచుకొనుటకై 'ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీ' అను సంఘమును స్థాపించిరి. సభ్యులు ఏ దేశమున కొలువు చేయుచున్నను వారికి సంఘము క్యాటలాగు చేరెడిది. బొంబాయిలో 1891లోను, కలకత్తాలో 1901లోను దీనికి శాఖలు వెలసెను. 1907 నాటి క్యాటలాగు వెయ్యి పుటలకు మించినది. దానిని 1969లో ఇంగ్లండున ఉన్నదున్నట్లుగా మరల అచ్చొత్తిరి. ఆ వెలకు ఏ సరకును దొరకదని తెలిసియు జనులు కొని చదివిరి. క్యాటలాగు అంగడి పని ముగిసిన తరువాత కూడ పుస్తకముగా బ్రదుకగలదనుటకు ఇది నిదర్శనము.

అమెరికాలో ఈ వర్తకమునకు 1872లో షికాగో నగరమున మాంట్‌గోమరీ వార్డ్ అనునతడు ప్రకటించిన ఒంటి కాగితపు పట్టికయే ఆది యని చెప్పుదురు. వేటగాండ్రకు మిక్కిలి పరిచితుడైనవాడు మెయిన్ రాష్ట్రపు లియాన్ బీన్. ఇతడు 1912లో అడుగున రబ్బరును, పైన తోలును గల ఒక బూటును కల్పించి, వేట లైసెన్సు పొందిన పొరుగు రాష్ట్రముల వారికి తపాలాలో కరపత్రములు పంపెను. అమ్మిన మొదటి నూరు జతలలో 90 జతలు కుట్లు ఊడి తిరిగి వచ్చెను. బీన్ అందరి సొమ్మును తిరిగి చెల్లించి, బూటును సరిచేసి మరల అమ్మెను. ఆ మాట నిలుపుకొనుట వలననే అతని వర్తకము నిలిచెను. వస్తువును చేత పట్టి చూడకయే సొమ్ము పంపు కొనుగోలుదారునకు నమ్మకమొక్కటే ఆధారము గదా!

మన దేశమున ఈ నమ్మకపు చిక్కును తపాలా శాఖ తీర్చినది. 1877లో వచ్చిన 'వాల్యూ పేయబుల్' పద్ధతియే మన వి.పి.పి. అంగడివాడు పార్సెలు పంపును. తపాలా బంట్రోతు దానిని ఇంటికి తెచ్చి సొమ్ము పుచ్చుకొని అప్పగించును. ఆ సొమ్మును తపాలా శాఖ అంగడివానికి చేర్చును. పార్సెలు రాకుండ కొనువాడు సొమ్ము పోగొట్టుకొనడు. సొమ్ము రాకుండ అమ్మువాడు సరకు పోగొట్టుకొనడు. పాత తెలుగు పత్రికల ప్రకటనలలో పుస్తకములకును, మందులకును, గడియారములకును క్రింద 'వి.పి.పి. ద్వారా పంపబడును' అను వాక్యము ఉండెడిది. ఆ మూడక్షరములు పల్లెలకు పట్నపు అంగడిని తెచ్చినవి.

అయితే కొత్తకోట నాడు వనపర్తి సంస్థానమునకును, నిజాము రాజ్యమునకును చేరిన సీమ. హైదరాబాదు రాజ్యమునకు 1869 నుండి తన సొంత తపాలా బిళ్ళలు కలవు. 1950లో గాని ఆ శాఖ భారత తపాలాలో లీనము కాలేదు. హాలీ సిక్కా అను నాణెము వేరు. రాజ్యపు ఎల్లలు దాటి వచ్చు సరకుపై 'కరోడ్గిరి' శాఖవారు సుంకము గొనెడివారు. కలకత్తా నుండియో బొంబాయి నుండియో బయలుదేరిన పెట్టె వనపర్తి రోడ్ స్టేషనున దిగునాటికి దాని వెల క్యాటలాగులోని వెల కాదు. తుపాకియైనచో పైని అనుమతి పత్రము కావలెను. కావున ఇట్టి సామాను కొనగలవారు సంస్థానాధీశులు, జాగీర్దారులు, పెద్ద అధికారులు మాత్రమే. తక్కినవారి చేతికి ఆ పుస్తకము చిక్కినచో అది చదువుకొను వస్తువే యగును.

చదువుటకు అందేమున్నది? లెక్కలున్నవి. '12 బోరు' అను మాటను వినని వారుండరు. దాని అర్థము తెలిసినవారు తక్కువ. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ గొట్టమున సరిగా పట్టునో అది 12 బోరు. పదునారు గుండ్లుగా పోసిన 16 బోరు. అది మఱింత సన్నము. ఇట్లే తూటాలలోని సీసపు గుళికలకును సంఖ్య పెరిగిన కొలది పరిమాణము తగ్గును. పూరేడు పిట్టకు 8వ సంఖ్య సన్నగుళిక చాలును. బాతునకు అంతకంటె ముతకది కావలెను. గాలములును అంతే. 20వ సంఖ్య గాలము బియ్యపు గింజంత. ఒకటవ సంఖ్య దానికి ఎన్నో రెట్లు పెద్దది. ఇంగ్లండున సూదులకు పేరుపొందిన రెడిచ్ పట్టణముననే గాలములును తయారయ్యెడివి. సూదిని వంచి ముల్లు తీసినచో గాలమగును గదా!

గాలపు వేటకు ఇంగ్లండున ఆల్నిక్ పట్టణపు హార్డీ సోదరుల క్యాటలాగు ప్రమాణము వంటిది. ఆ సంస్థ 1872లో మొదలైనది. మన వైపు చూచినచో, మద్రాసు ప్రభుత్వమున సివిల్ ఉద్యోగియైన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేటను గూర్చియు, 1887లో ప్రత్యేకముగా చెరువులలో గాలము వేయుటను గూర్చియు గ్రంథములు వ్రాసెను. నదుల వేటకే గౌరవమున్న దినములలో చెరువునకొక గ్రంథము వెలువడుట విశేషము. చెరువులే ప్రాణమైన మన మెట్టసీమ వారికి ఈ సంగతి ఆసక్తి కలిగించును.

ఇక ఆ మెరుగు సామాను దేనితో తయారయ్యెడిదో చూతము. చీల్చిన వెదురు బద్దలను అతికించి చేసెడి గాలపు కఱ్ఱలకు తొలినాళ్ళలో వాడినది 'కలకత్తా వెదురు'. ఇరువదవ శతాబ్దమున టాంకిన్ వెదురు దాని స్థానమును ఆక్రమించెను. చేపను మోసగించుటకు ఈకలతో కట్టెడి ఈగ గాలములలో మిక్కిలి మన్నన గన్నది మన దక్షిణాపథపు బూడిదరంగు అడవికోడి మెడ ఈక. మైనపు చుక్కల వలె మెరయు ఆ ఈకలు ఓడలనెక్కి పోయెడివి. నైలాను రాకమునుపు గాలమునకు ముందు కట్టెడి కంటికి కనబడని దారము పట్టుపురుగు కడుపులోనిది. స్పెయిన్ దేశపు ముర్సియా ప్రాంతమున, పురుగు గూడు అల్లుటకు ముందే దాని పట్టుగ్రంథిని తీసి, పులిద్రవమున నానబెట్టి, సాగదీసి ఆరబెట్టెడివారు. మగ్గముపై పట్టుచీరలు నేయు కొత్తకోట నేతగాండ్రకు పట్టు బలమెంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. మొత్తమునకు ముడిసరకులో కొంత మన అడవిది, మన పొదలది. పేరును, సంఖ్యయు, కొలతయు కలిగినంతనే అది వెలగల వస్తువై తిరిగి వచ్చినది.

ఈ పుస్తకములలో అన్నిటికి వెల కలదు. వేటాడబడు ప్రాణికి మాత్రము వెల వ్రాయలేదు. అది ఎన్నటికి తరగనిదని ఆనాటి వారి తలంపు. గురి తప్పని వేటగాడని పేరుపొందిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేరనే పాలమూరు 1890లో మహబూబ్‌నగరమైనది. నల్లమలలోని ఫరహాబాదు నిజాముల వేట విడిది. హైదరాబాదున చీతాలచే జింకలను వేటాడించెడివారు; దేశమున మిగిలిన కడపటి చీతాలలో మూడు 1947లో కొరియా సంస్థానమున తుపాకికి బలియైనవి. 1952లో ఆ జాతి భారతదేశమున అంతరించినదని ప్రకటించిరి. 2022లో ఆఫ్రికానుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశపు కూనో అడవిలో విడువవలసి వచ్చినది. ఏ క్యాటలాగు నుండియు అంత ఖరీదైన పార్సెలు మనకు రాలేదు! కృష్ణకు ఆవల కర్నూలు మెట్టలలో, రోళ్ళపాడున, బట్టమేక పిట్టకై 1988లో అభయారణ్యము నేర్పరచిరి. ఆ పక్షి నేడు దేశమంతటను మిక్కిలి అరుదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను కట్టడి చేసెను. 1991 సవరణ లైసెన్సు వేట దారిని మూసివేసెను. ఇది న్యాయమే. కృష్ణ, మక్తల్ ప్రాంతపు చేలలో నేటికిని కృష్ణజింకలు గంతులిడుచున్నవన్న, చేల యజమానులకు చిక్కులున్నను, అది మనకు మిగిలిన భాగ్యము. కావున తుపాకిని తలచుకొని మురియుటకు మేము శ్రోతలను ప్రోత్సహింపజాలము.

మరి మురియదగినది ఏది? క్యాటలాగులోని ఓపిక. ప్రతి వస్తువును పేరుపెట్టి పిలిచి, కొలిచి, బొమ్మ గీచి, దేనికి పనికివచ్చునో ఒక్క వాక్యమున చెప్పు ఆ అలవాటు. ఆ అలవాటు మన పనిముట్లకు మిక్కిలి కొద్దిగానే దక్కినది. 1940లో ఆస్ట్రియా దేశీయుడైన ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాదు పీఠభూమిపై చెంచులతో కలసి నివసించి, వారి గుడిసెలు, విల్లమ్ములు, గడ్డలు త్రవ్వు కోలలు, తేనె తీయు విధములు వ్రాసికొని 1943లో గ్రంథముగా ప్రకటించెను. వెదురు విల్లునకు, ఇనుప మొన బాణమునకు అచ్చులో స్థానము దొరకుట ఆ విధముగా సంభవించినది. చెరువులపై బ్రదికెడి మన బెస్త, ముదిరాజు కుటుంబముల వలలకు అట్టి గ్రంథము ఏది?

వారి సామాను చిన్నది కాదు. చేతితో చుట్టి విసరు విసురువల, లోతు తక్కువ నీటిలో చేపపై బోర్లించు ఊత, పారెడి నీటికి అడ్డముగా నిలుపు వెదురు మావు, కృష్ణను దాటించు గుండ్రని పుట్టి. వలకన్ను ఎంతయో వ్రేళ్ళతో కొలుతురు. కన్ను చిన్నదైన పిల్ల చేప చిక్కును, పెద్దదైన బొచ్చె నిలుచును. కొఱ్ఱమట్టకు ఒక ఉపాయము, జెల్లకు మఱొకటి. నూలుతోను జనుపనారతోను వల అల్లి, కుళ్ళకుండ చెట్ల బెరడు కషాయమున తడిపి ఆరవేసెడివారు. నైలాను వచ్చిన పిమ్మట ఆ పని లేకపోయెను. పనితోపాటు ఆ కషాయము పేరు, చెట్టు పేరు, నానవలసిన దినముల లెక్కయు మఱపున పడుచున్నవి. ఒకప్పుడు పుట్టికి తొడిగెడి తోలు పోయి తారు పట్టిన గుడ్డయు, ప్లాస్టికు పట్టాయు వచ్చినవి. మంచిదే, పని సులువైనది. పోయినది వస్తువు మాత్రమే కాదు, మాట కూడ.

కొత్తకోట చెంతనే సరళాసాగరము కలదు. వనపర్తి రాణి సరళాదేవి పేర 1949లో ప్రారంభించి 1959లో పూర్తిచేసిరి. నీరు నిండు మట్టమునకు చేరగానే ఎవరును తలుపు ఎత్తకయే సైఫనులు తమంత తామే నీటిని వెలికి పంపును. 2019 డిసెంబరు 31న దాని కట్ట తెగినది. తరువాత మరల కట్టిరి. కట్టకు కొలతలు, పటములు కాగితముపై నుండును. తెగినను మరల కట్టవచ్చును. ఆ నీటిలో విసరు వలకు కాగితమెక్కడ? దానిని అల్లగల ముదుసలి చేయి ఆగినచో ఆ కొలతయు ఆగును.

ఈ పనికి పండితులే రానక్కరలేదు. బడి పిల్లవాడైనను, ఇంటి పెద్దయైనను ఒక నోటు పుస్తకమును తీసికొని పుటకు ఒక వస్తువు చొప్పున వ్రాయవచ్చును: మన ఊరిలో దానిని ఏమందురు, దేనితో చేయుదురు, ఎంత పొడవు, ఏ చేపకు, ఏ కార్తెలో, చేయుట ఎవరికి తెలియును. ప్రక్కన ఒక బొమ్మ గీయవలెను. అడుగవలసినది తాతను, పెదనాయనను, చెరువు గట్టున వల ఆరవేయు పొరుగువానిని. ఒకే వస్తువునకు పది మైళ్ళ దూరమున వేరొక పేరున్నచో రెండును వ్రాయవలెను. వెల గడి ఒక్కటి ఖాళీగా విడువవచ్చును; ఇది అమ్మకమునకు వ్రాయు క్యాటలాగు కాదు గదా!