చిట్టి పువ్వులకు పూల దుస్తులు

సంవత్సరంలో రెండు మూడుసార్లు మన ఇళ్ళకు బడి నుండి ఒక చిన్న చీటీ వస్తుంది. ఆగస్టు 15, నవంబరు 14, ఆ తరువాత వార్షికోత్సవం. ‘మీ పాప ఫలానా వేషంలో రావాలి’ అన్నది ఆ చీటీ సారాంశం. కలిగిన కుటుంబాలకు అది ఒక ముచ్చట. దినసరి సంపాదనతో ఇల్లు గడుపుకునే కుటుంబాలకు మాత్రం అదొక పరీక్ష. దుస్తులను అద్దెకు తేవాలంటే డబ్బు కావాలి. తెచ్చినా, బడివారు సూచించిన వేషం మన విశ్వాసానికి సరిపడనిదైతే తల్లిదండ్రులకు మరో సంకటం. ఈ రెండు కారణాల్లో ఏదో ఒకటి అడ్డుపడి, ఆ రోజు బడికి పోకుండా ఇంటి గడపలోనే కూర్చుండిపోయే చిన్నారులను కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మద్రసాలలో పాఠాలు చెప్పే మేము ప్రతి ఏటా చూస్తున్నాము. మరునాడు తోటి పిల్లలు తమ ఫోటోలు చూపుకుంటుంటే ఆ పసివాళ్ళు తలవంచుకుంటారు. ఇంత చిన్న వయస్సులో ‘ఈ బడి నాది కాదు’ అన్న భావన ఒక పసి మనస్సులో నాటుకోవడం చిన్న విషయం కాదు.

ఈ చిక్కుకు ఒక సులభమైన పరిష్కారం ఉంది. అది పువ్వు వేషం. ఇంట్లో ఉండే వస్తువులతో, రెండు సాయంత్రాలలో, కుట్టు మిషను లేకుండానే దీనిని తయారు చేయవచ్చు.

పువ్వే ఎందుకు?

ప్రాణుల బొమ్మలు, చిత్రాల విషయంలో మన ధర్మవేత్తల మధ్య విస్తృతమైన చర్చ ఉంది. అయితే చెట్లు, పూలు, ఆకుల వంటి వాటిని చిత్రించడంలో అభ్యంతరం లేదన్నది అత్యధికుల అభిప్రాయం. చిత్రకళే జీవనాధారమైన ఒక వ్యక్తి తన సమస్యను విన్నవించుకున్నప్పుడు, చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) అతనికి మార్గం చూపిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన ఆ మనిషిని వట్టి చేతులతో తిప్పి పంపలేదు. ఒక ద్వారం మూసి ఉంటే, తెరిచి ఉన్న మరో ద్వారం చూపారు. మన పిల్లల విషయంలోనూ మనం చేయవలసింది ఇదే. ‘ఆ వేషం వద్దు’ అని చెప్పి ఊరుకుంటే పిల్లవాడికి మిగిలేది కన్నీరే. ‘అది వద్దు, ఇది వేద్దాం’ అంటే మిగిలేది సంతోషం.

పిల్లల సంతోషం పట్ల మన ధర్మం ఎన్నడూ ఉదాసీనంగా లేదు. మహనీయ ముహమ్మద్ (స) తమ మనుమలైన హసన్, హుసైన్ (ర)లను ఈ లోకంలో తమకు లభించిన సువాసనగల పువ్వులుగా అభివర్ణించారు. ఒకసారి ఆయన వద్దకు కొన్ని వస్త్రాలు వచ్చాయి. వాటిలో అంచు మీద పనితనం ఉన్న ఒక చిన్న నల్లని వస్త్రం ఉంది. దానిని ఎవరికి ఇద్దామని సహచరులను అడిగి, చిన్నారి ఉమ్మె ఖాలిద్ (ర)ను పిలిపించి, స్వయంగా తమ చేతులతో ఆమెకు తొడిగారు. ఆ పాప అబిసీనియా దేశం నుండి వచ్చినది కనుక, ఆ దేశపు మాటలోనే ‘బాగుంది’ అని మెచ్చుకున్నారు. ఒక పసిపాప కొత్త బట్ట కట్టుకున్నప్పుడు ఆమెకు తెలిసిన భాషలో మెచ్చుకోవడం కూడా ప్రవక్త సంప్రదాయమేనని దీనివల్ల తెలుస్తుంది.

ఇంట్లోనే తయారు చేసుకోవడానికీ మనకు ఆదర్శం ఉంది. ఆషూరా ఉపవాసం నాడు పిల్లలు ఆకలితో ఏడిస్తే, ఇఫ్తార్ వేళ వరకు వారిని ఊరడించడానికి మదీనా తల్లులు ఉన్నితో ఆటవస్తువులు చేసి ఇచ్చేవారని హజ్రత్ రుబయ్యిఅ (ర) ఉల్లేఖించారు. వారు వాటిని బజారులో కొనలేదు. చేతికి అందిన ఉన్నితోనే చేశారు.

మన తల్లుల చేతిలోని విద్య

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో బీడీలు చుట్టి కుటుంబానికి ఆసరాగా నిలిచే స్త్రీలు అసంఖ్యాకం. తడిపిన తునికాకు మీద కొలత రేకును ఉంచి, కత్తెరతో క్షణంలో సరిసమానంగా కత్తిరించడం వారికి నిత్యకృత్యం. పూరేకు కత్తిరించడమూ అదే పని. ఆకు స్థానంలో గుడ్డ, రేకు స్థానంలో అట్ట. కనుక ‘మాకు చేతకాదు’ అనే మాట మన ప్రాంతపు తల్లుల నోట రాకూడదు. అయితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పొగాకు తగిలిన కత్తెరను, చేతులను సబ్బుతో శుభ్రంగా కడుక్కున్న తరువాతే పిల్లల దుస్తులను ముట్టుకోవాలి. పొగాకు చేటలు ఉన్న చోట కాక వేరే గదిలో కూర్చుని కుట్టాలి.

కావలసిన వస్తువులు

నాలుగు నుండి ఆరేళ్ళ పిల్లలకు సరిపడే పొద్దుతిరుగుడు పువ్వును ఉదాహరణగా తీసుకుందాము.

పసుపు రంగు చీర ఫాల్‌లు రెండు. మ్యాచింగ్ సెంటర్లలో అన్ని రంగులలో దొరికే ఈ నూలు పట్టీ చవకైనది. వెడల్పు తక్కువ కావడం వల్ల పూరేకులకు అచ్చంగా సరిపోతుంది. అది లేకపోతే పాత పసుపు దుపట్టా గాని, తెల్లని పాత నూలు పంచె గాని చాలు. వీటితో పాటు ఆకులకు కొంత ఆకుపచ్చ గుడ్డ, అదే రంగులో 44 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు గల ఒక పట్టీ, రెండు ప్రెస్ బటన్లు, సూది, దారం, పాత నోటుపుస్తకపు అట్ట, ఒక గిన్నెడు గంజి.

తెల్లని గుడ్డే ఉంటే దానికి ఇంట్లోనే రంగు వేయవచ్చు. పసుపుకు పేరుగాంచిన నిజామాబాదు మనకు పొరుగునే ఉంది. రెండు లీటర్ల నీటిలో మూడు చెంచాల పసుపు కలిపి, గుడ్డను అందులో ఇరవై నిమిషాలు సన్నని మంట మీద ఉడికించి, రంగు దిగడం తగ్గే దాకా మంచినీటితో జాడించి, నీడలో ఆరవేయాలి. ఎండలో ఆరవేస్తే ఈ రంగు వెలిసిపోతుంది. సబ్బు తగిలితే ఎర్రబారుతుంది.

తయారు చేసే విధానం

మొదటి సాయంత్రం అన్నం వార్చిన చిక్కని గంజిని వడగట్టి, గుడ్డను అందులో ముంచి, పిండి, ముడతలు లేకుండా ఆరవేయాలి. కొద్దిగా తేమ ఉండగానే ఇస్త్రీ చేయాలి. అప్పుడు గుడ్డ కాగితంలా బిరుసెక్కుతుంది. కత్తిరించిన అంచుల నుండి దారాలు సులభంగా ఊడవు.

రెండవ సాయంత్రం అట్టతో రెండు నమూనాలు చేసుకోవాలి. ఒకటి 20 సెంటీమీటర్ల పొడవు, రెండవది 15 సెంటీమీటర్ల పొడవు. రెండింటి వెడల్పూ 9 సెంటీమీటర్లే. అట్టను నిలువుగా మధ్యకు మడిచి, సగం పూరేకు గీసి కత్తిరిస్తే రెండు వైపులా ఒకే తీరుగా వస్తుంది. మొన సూదిగా ఉండాలి, మొదలు వెడల్పుగా ఉండాలి. పెద్ద నమూనాతో పది, చిన్న నమూనాతో పది పూరేకులు కత్తిరించాలి. రెండు ఫాల్‌లలో ఇవి పోగా కొంత గుడ్డ మిగులుతుంది.

ప్రతి పూరేకు మొదలును మధ్యలో కుచ్చు వేసి, 9 సెంటీమీటర్ల వెడల్పును 4 సెంటీమీటర్లకు తగ్గించి రెండు టాకాలు వేయాలి. ఈ కుచ్చు వల్లనే పూరేకుకు దోనె వంటి ఆకారం వస్తుంది. ఇప్పుడు ఆకుపచ్చ పట్టీకి ఇరువైపులా రెండేసి సెంటీమీటర్లు వదలి, మధ్యనున్న 40 సెంటీమీటర్ల మేర పది పెద్ద పూరేకులను పక్కపక్కన కుట్టాలి. వాటి పైన చిన్న పూరేకులను, కింది వరుసలోని సందులను కప్పే విధంగా కుట్టాలి. పట్టీ చివరలకు ప్రెస్ బటన్లు వేస్తే మెడ చుట్టూ అమరే పూలహారం వంటి కాలరు సిద్ధమవుతుంది.

ఇక ఆకులు. 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పుతో రెండు ఆకులు కత్తిరించి, ఒక్కొక్కదానిని నిలువుగా మడిచి, మడత పక్కనే సన్నని కుట్టు వేస్తే ఆకు మధ్యన ఈనె లేచి కనబడుతుంది. వీటిని రెండు చేతుల ఆస్తీన్లకు టాకాలతో తగిలించాలి.

పువ్వు నడిమి భాగానికి వేరే ఏమీ కొననక్కరలేదు. ఆడపిల్ల నిత్యం ధరించే గోధుమ రంగు స్కార్ఫే పువ్వు నడిబొడ్డు. మగపిల్లవాడికి తలమీది టోపీయే నడిబొడ్డు. పండుగకు కుట్టించిన ఆకుపచ్చ కుర్తా పైజామాయో, సల్వార్ కమీజో ఉంటే అదే కాడ. అంటే మన పిల్లల వస్త్రధారణే సగం వేషం. దానిని విప్పి పక్కన పెట్టవలసిన అవసరమే లేదు.

కొన్ని జాగ్రత్తలు

కాలరును ఎట్టి పరిస్థితిలోనూ తాడుతో మెడకు ముడివేయరాదు. ఆటలో ఎవరైనా లాగితే ప్రెస్ బటను దానంతట అదే ఊడి వస్తుంది. ముడి మాత్రం బిగుసుకుంటుంది. గుండుసూదులు, పిన్నీసులు వాడరాదు. ప్లాస్టిక్ కాగితాలు, క్రేప్ కాగితాలు నిప్పు తగిలితే క్షణంలో అంటుకుంటాయి కనుక నూలు గుడ్డే మేలు. నూలుకైనా మంట ప్రమాదమే. వేదిక మీద దీపాలు వెలిగించి ఉంటే పిల్లలను దూరంగా నిలబెట్టమని ఉపాధ్యాయులకు ముందే చెప్పాలి. ఆగస్టు వానలలో గంజి మెత్తబడుతుంది. ఆ కాలంలో రెండు పొరల గుడ్డతో పూరేకులు చేయడం మంచిది.

పురుషులు స్త్రీలను అనుకరించడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు కనుక బాలురకు గౌనులు, గాజులు వేసి పువ్వుగా చేయడం తగదు. కుర్తా మీది కాలరు సరిపోతుంది. బాలురకు పట్టు వస్త్రం తొడిగించడం అయిష్టకరమని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు పేర్కొన్నారు. నూలు గుడ్డతో ఆ ప్రశ్నే తలెత్తదు.

పువ్వు మాట్లాడాలి

వేషం వేసి మౌనంగా నిలబడితే అది అలంకారమే. రెండు మాటలు చెబితే అది విద్య. పొద్దుతిరుగుడు వేషం వేసిన పాప ఇలా చెప్పవచ్చు: “నన్ను చూసి ఒకే పువ్వు అనుకుంటారు. కాని నా నడుమ వందల చిన్న పూలు ఉన్నాయి. మొగ్గగా ఉన్నప్పుడు సూర్యునితో పాటు తూర్పు నుండి పడమరకు తిరుగుతాను. పూర్తిగా విచ్చుకున్నాక తూర్పు వైపే నిలిచిపోతాను. నాకీ క్రమం నేర్పినవాడు నన్ను సృష్టించిన అల్లాహ్.”

ఇదే పద్ధతిలో ఇతర పూలనూ చేయవచ్చు. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోయే దారిలో బీడు భూములలో పసుపుపచ్చగా విరిసే తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడు తోలు పదును చేయడానికి పనికివస్తుంది. వేసవి మొదట్లో అడవిని ఎర్రగా మార్చే మోదుగ పూలను ఉడికిస్తే నారింజ పసుపు రంగు వస్తుంది. ఈ సంగతులు తెలిసిన పిల్లవాడు తాను పుట్టిన నేలను ప్రేమిస్తాడు, ఆ నేలను సృష్టించిన ప్రభువును స్మరిస్తాడు.

బడివారు మరో వేషం సూచించి ఉంటే, తల్లిదండ్రులు వారం ముందే వెళ్ళి ‘మా బిడ్డను పువ్వుగా పంపుతాము’ అని మర్యాదగా చెప్పాలి. ప్రత్యామ్నాయం చేతిలో పట్టుకుని వెళ్ళిన వారి మాటను ఉపాధ్యాయులు సాధారణంగా తోసిపుచ్చరు. వద్దని మాత్రమే చెప్పి వచ్చేవారిని అపార్థం చేసుకునే అవకాశం ఎక్కువ.

పండుగ ముగిశాక

వేషాన్ని అలాగే మూట కట్టి పెడితే గంజి వాసనకు ఎలుకలు, బొద్దింకలు చేరతాయి. కాలరును మంచినీటిలో నానబెట్టి గంజి పోగొట్టి ఆరవేసి దాచాలి. మరుసటి ఏడు మళ్ళీ గంజి పెట్టుకోవచ్చు.

అంతకంటే మేలైన ఆలోచన ఒకటి ఉంది. ప్రతి మద్రసాలో, ప్రతి వాడకట్టులో ఒక పెట్టెను కేటాయించి, ఇటువంటి కాలర్లను అందులో భద్రపరుద్దాము. అవసరమైన తల్లి వచ్చి తీసుకుపోతుంది, పని ముగిశాక ఉతికి తెచ్చి పెడుతుంది. ఆ తల్లి ఏ మతస్థురాలైనా కావచ్చు. పొరుగువారి హక్కులను గురించి మనకు అందిన బోధనలలో మత భేదం లేదు. ఎవరి బిడ్డ అయినా చీటీ వచ్చిన రోజు దిగులుతో గడపలో కూర్చోకూడదు.

వ్యర్థ వ్యయం చేయవద్దన్న దైవాజ్ఞను, పసివారిని సంతోషపెట్టాలన్న ప్రవక్త ఆదర్శాన్ని ఏకకాలంలో పాటించే అవకాశం రెండు ఫాల్ గుడ్డలలో, ఒక గిన్నెడు గంజిలో ఉంది. అల్లాహ్ మన సంతానాన్ని సద్గుణ పరిమళం గల పువ్వులుగా వికసింపజేయుగాక! ఆమీన్.