బాతుగుడ్లను ఇంటి ఇన్‌క్యుబేటరులో పొదిగించుట

కోడిగుడ్లను యంత్రములో పొదిగించి చేయి తిరిగినవారు కూడ బాతుగుడ్లకు వచ్చుసరికి నష్టపడుచున్నారు. 25వ దినము వరకు గుడ్డులో పిల్ల చక్కగా కదలుచుండును. 28వ దినమున మాత్రము పెంకు పగులదు. చితుకగొట్టి చూచినచో పూర్తిగా ఎదిగిన పిల్ల లోపలనే చచ్చియుండును. గుడ్ల ఖరీదు, కరెంటు ఖర్చు, నెలనాళ్ల కాపలా అన్నియు ఒక్క దినమున పోవును. ఇట్లు ఎందుకు జరుగునో తెలిసికొన్నచో చాలవరకు తప్పించుకొనవచ్చును.

యంత్రము అవసరమేమని మీరడుగవచ్చును. ఖాకీ కాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ వంటి గుడ్ల జాతి బాతులు సాధారణముగా పొదుగుటకు కూర్చుండవు. నాటుకోడి పెట్టను కూర్చుండబెట్టినచో పది బాతుగుడ్లకు మించి కప్పజాలదు. మస్కోవీ బాతు బాగుగా పొదుగును గాని దాని గుడ్డుకు 35 దినములు పట్టును. తక్కిన జాతులకు 28 దినములు.

ముందు గుడ్ల సంగతి చూడుడు. ఐదారు పెట్టలకు ఒక పోతుబాతు ఉండవలెను. బాతు తెల్లవారుజామున ఎక్కడబడిన అక్కడ, బురదలో సైతము గుడ్డు పెట్టును. కావున రాత్రి కొట్టములో పొడి వరిగడ్డి పరచి, ప్రొద్దుననే గుడ్లు ఏరుకొనవలెను. బురద గుడ్డును చన్నీళ్లతో కడిగినచో పెంకు రంధ్రముల గుండా మురికి లోనికి పీల్చుకొనును. అట్టి గుడ్డు వెచ్చదనమునకు కుళ్లి, పెట్టెలో పేలి, ప్రక్క గుడ్లను కూడ చెరచును. మురికి గుడ్లను కూరకు వాడుకొనుడు. ఏరిన గుడ్లను చల్లని తావున ఉంచి, వారము లోపుగా పొదుగుకు పెట్టుడు.

వేడి విషయమున పొరపాటు ఎక్కువగా థర్మామీటరును ఉంచు చోటున జరుగును. ఫ్యాను గల యంత్రమునకు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు, అనగా 99.5 ఫారన్‌హీటు చాలును. ఫ్యాను లేని పెట్టెలో వేడిగాలి పైకి చేరును గనుక, గుడ్ల పైమట్టమున సుమారు 102 ఫారన్‌హీటు ఉండవలెను. గుడ్లకు ఒక ప్రక్క గీటు, మరొక ప్రక్క సున్న పెన్సిలుతో గుర్తుపెట్టి, దినమునకు మూడు లేక ఐదు సార్లు త్రిప్పుడు. బేసిసంఖ్య ఎందుకనగా, రాత్రియంతయు ఒకే ప్రక్కన ఉండిపోకుండుటకు.

ఇక తేమ. నేను మొదటిసారి, బాతు నీటిపక్షి గదా యని, తట్టలు నిండ నీళ్లు పోసితిని. 40 గుడ్లకు 6 పిల్లలు వచ్చినవి! తక్కినవి లోపలి నీటిలో ఊపిరాడక చచ్చినవి. గుడ్డు పొదుగునపుడు పెంకు గుండా కొంత నీరు ఆవిరియై పోవలెను. అట్లు పోయినకొలది వెడల్పు కొనవైపు గాలిగది పెరుగును. పిల్ల మొదటి ఊపిరి తీయునది ఆ గదిలోనే. తేమ మితిమీరినచో గాలిగది చిన్నదగును. మరీ తక్కువైనచో పొర ఎండి పిల్లకు అతుకుకొనును. మొదటి 25 దినములు గాలిలో తేమ 55 నుండి 60 శాతము మంచిది. కాని నేను తేమ కొలత కంటె త్రాసునే ఎక్కువ నమ్ముదును. పొదుగుకు పెట్టునపుడు పది గుడ్లను కలిపి తూచి వ్రాసికొనుడు. 25 దినములకు బరువు నూటికి 12 నుండి 14 వంతులు తగ్గవలెను. 700 గ్రాములున్న పది గుడ్లు 14వ దినమునకు 650 గ్రాముల ప్రాంతమున, 25వ దినమునకు 602 – 616 గ్రాములు ఉండును. బరువు తగ్గకున్నచో నీళ్లు తగ్గించుడు, త్వరగా తగ్గుచున్నచో పెంచుడు. త్రాసుకు అయ్యెడి ఖర్చు ఒక్క విడతలో తిరిగివచ్చును.

7వ దినమున చీకటిగదిలో దీపమునకు అడ్డుపెట్టి చూడుడు. సాలెగూటి వలె ఎర్రని నరములు కనబడినచో జీవమున్నది. ఏమియు కనబడని గుడ్లను, రక్తపు వలయము మాత్రము మిగిలినవానిని తీసివేయుడు.

కరెంటు పోయినచో కంగారుపడి మూత తెరువకుడు. గాలి రంధ్రములు వదలి, పెట్టెపై దుప్పటి కప్పినచో గంట రెండు గంటలకు ప్రమాదముండదు. చలి కంటె అధికపు వేడియే త్వరగా చంపును. మే నెల ఎండలో గది వేడియే 40 డిగ్రీలు దాటినపుడు ఈ పెట్టెలు దానిని చల్లార్చలేవు. అట్టి దినములలో పొదుగు పెట్టకుండుటయే మేలు.

25వ దినమున త్రిప్పుట మాని, గుడ్లను ప్రక్కవాటుగా పరుండబెట్టి, తేమను 70 శాతము పైకి పెంచుడు. అటుపిమ్మట పెంకుపై చిన్న బీట కనబడును. కనబడగానే చాలమంది సాయము చేయబోవుదురు. బీటపడిన తరువాత పిల్ల వెలికి వచ్చుటకు ఒకటి రెండు దినములు పట్టవచ్చును. ఆ వ్యవధిలో అది పొరలోని నెత్తురును, పచ్చసొనను తన శరీరములోనికి తీసికొనుచుండును. తొందరపడి పెంకు ఒలిచినచో నెత్తురు కారి చచ్చును. మాటిమాటికి మూత తెరచినను తేమ పోయి పొర ఎండును.

పచ్చసొన కడుపులో నున్నంతవరకు పిల్లకు మేత అక్కరలేదు గనుక, ఒళ్లు పూర్తిగా ఆరువరకు యంత్రములోనే ఉంచి, తరువాత వెచ్చని పెట్టెలోనికి మార్చుడు. త్రాగు నీటిపళ్లెము ముక్కు మునుగునంత లోతుండవలెను గాని, పిల్ల మునుగునంత ఉండరాదు.