గోడ ఎవరిది?

పిట్టలవానిపాలెంలో బస్సెక్కి బాపట్ల వైపు వెళుతున్నారనుకోండి. ఈసారి కిటికీ పక్కన చోటు దొరికితే పొలాల్ని కాదు, గోడల్ని చూడండి. కొత్త సినిమా, ఎరువుల కంపెనీ, ట్యూషన్లు, మొలల మందు, పుట్టినరోజు శుభాకాంక్షలు, పోయిన ఎన్నికల గుర్తు - గోడలన్నీ మాట్లాడుతూనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి అంటించిన కాగితాల కింద అసలు గోడ రంగేమిటో ఆ ఇంటివాళ్ళకే గుర్తుండదు!

ఇంతకీ, ఆ గోడ ఎవరిది? కట్టుకున్నవాళ్ళదా, అంటించినవాళ్ళదా, చూసే మనందరిదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే చట్టం ఒకటుంది. దాని సంగతి తెలుసుకునే ముందు, అసలు పోస్టరు గోడను ఎందుకు వదలదో చూద్దాం.

అన్నదమ్ముల అనుబంధం

పోస్టర్లు అంటించేవాళ్ళు వాడేది ఖరీదైన జిగురేమీ కాదు. మైదాపిండిని నీళ్ళలో కలిపి ఉడికించిన బంక. అది పులిసి బూజు పట్టకుండా కొందరు కాస్త మైలుతుత్తం కూడా కలుపుతారు.

పిండిలో ఉండేది స్టార్చి. అది గ్లూకోజు అణువులు గొలుసులా కలిసి ఏర్పడ్డ పదార్థం. కాగితంలో ఉండేది సెల్యులోజు. తమాషా ఏమిటంటే, అదీ గ్లూకోజు గొలుసే! గ్లూకోజులు ఒకదానితో ఒకటి కలిసిన తీరులో మాత్రమే తేడా. అంటే పిండీ కాగితమూ అన్నదమ్ములన్నమాట.

చన్నీళ్ళలో స్టార్చి రేణువులు గట్టిగా ముడుచుకుని ఉంటాయి. నీళ్ళు 60 డిగ్రీల సెంటిగ్రేడు దాటేసరికి అవి నీటిని పీల్చుకుని ఉబ్బి, విచ్చుకుంటాయి. అప్పుడు లోపలి గొలుసులు బయటపడి ఒక పక్క కాగితాన్నీ, మరో పక్క గోడనూ పట్టుకుంటాయి. సున్నపు గోడలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. బంక వాటిలోకి దిగి ఆరిపోతుంది. ఇక దాన్ని ఊడబెరకాలంటే సున్నమూ పెచ్చులుగా లేచి వస్తుంది. అంటించడానికి రెండు నిమిషాలు. పాడైన గోడను బాగుచేయడానికి ఒక పూట కూలి, డబ్బాడు సున్నం. ఆ ఖర్చు అంటించినవాడిది కాదు, గోడగలవాడిది!

ఆవులు పోస్టర్లు నమలడం మీరు చూసే ఉంటారు. బంకలోని పిండి రుచి వాటిని రప్పిస్తుంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు కాగితంలోని సెల్యులోజును కూడా అరిగించగలవు. కాని దాంతో పాటే మైలుతుత్తమూ, అచ్చు రంగులూ లోపలికి పోతాయి. అవి ఆవుకు మేలు చేసేవి కావు.

మరొక వింత. పాతబడిన సినిమా పోస్టరులో హీరో మొహం నీలంగా కనిపిస్తుంది, గమనించారా? పోస్టర్లను పసుపు, గులాబీ, నీలం, నలుపు అనే నాలుగు సిరాలతో అచ్చువేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పసుపు, గులాబీ రంగులు ముందుగా విరిగిపోతాయి. నీలమూ నలుపూ ఎక్కువకాలం నిలుస్తాయి. ఈసారి ఒక పోస్టరును చూసి అది ఎన్నాళ్ళుగా ఎండలో ఉందో ఊహించండి!

రాతి మీద, గోడ మీద

నలుగురూ చూసేచోట నాలుగు మాటలు రాయాలన్న కోరిక ఇప్పటిది కాదు. పిట్టలవానిపాలెం మండలంలోనే ఉన్న చందోలు ఒకప్పుడు వెలనాటి చోళుల రాజధాని. ఆ కాలంలో రాజు ఒక ఊరినో, భూమినో దానం చేస్తే ఆ సంగతిని రాతి మీద చెక్కించి అందరికీ కనిపించేలా నిలబెట్టేవారు. ఈ దానాన్ని చెరిపినవాడికి పాపం తగులుతుందని శాసనం చివర హెచ్చరిక కూడా ఉండేది. అప్పుడు రాతను కాపాడటానికి శాపం, ఇప్పుడు రాతల నుంచి గోడను కాపాడటానికి చట్టం!

ఇటలీలో పాంపే అనే పట్టణం క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయింది. తవ్వి చూస్తే గోడల మీద ఎర్రరంగుతో, నల్లరంగుతో రాసిన ఎన్నికల ప్రకటనలు రెండు వేలకు పైగా బయటపడ్డాయి. ఫలానావారిని ఎన్నుకోండి అని! పాతదాని మీద సున్నం కొట్టి కొత్తది రాసిన గుర్తులూ ఉన్నాయి. మన గోడలకూ వాటికీ తేడా ఏముంది?

చట్టం ఏమంటుంది?

ఫ్రాన్సులో 1881 జూలై 29న పత్రికా స్వేచ్ఛకు ఒక చట్టం చేశారు. ఇష్టమైనది అచ్చువేసుకోండి అని చెప్పిన ఆ చట్టమే, ఎక్కడపడితే అక్కడ అంటించరాదు అని కూడా చెప్పింది. తెల్లకాగితాన్ని ప్రభుత్వ ప్రకటనలకే కేటాయించి, మిగిలినవాళ్ళు రంగు కాగితం వాడాలంది. ఏది సర్కారు మాటో, ఏది వ్యాపారి మాటో జనం దూరం నుంచే పోల్చుకోవాలి కదా! "1881 జూలై 29 చట్టం ప్రకారం ఇక్కడ అంటించరాదు" అన్న మాటలు ఆ దేశపు గోడల మీద ఈనాటికీ కనిపిస్తాయి.

మన దేశంలో మద్రాసు రాష్ట్రం 1959లో, పశ్చిమ బెంగాల్ 1976లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1997లో వచ్చింది. దాని పేరు కాస్త పొడుగు: బహిరంగ స్థలాలను వికృతం చేయడాన్ని నివారించే, అసభ్యమైన, అభ్యంతరకరమైన పోస్టర్లను, ప్రకటనలను నిషేధించే చట్టం. అందులోని ముఖ్యమైన మాట ఒక్కటే - అనుమతి. నలుగురికీ కనిపించే చోట ప్రకటన అంటించాలన్నా, రాయాలన్నా ఆ స్థలం ఎవరిదో వారి సమ్మతి ఉండాలి. లేకపోతే నేరం.

ఢిల్లీ 2007లో చేసుకున్న చట్టంలో మరో తెలివైన నిబంధన ఉంది. రాత్రిపూట పోస్టరు అంటించేవాడు పాపం కూలివాడు. పట్టుబడితే వాడే పట్టుబడతాడు. అందుకని, ఆ ప్రకటన వల్ల లాభం పొందేవాడు కూడా, అది తనకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోకపోతే, నేరస్థుడే అంది ఆ చట్టం. ఇంటిగోడ మీద యజమాని తన పేరూ చిరునామా రాసుకుంటే మాత్రం తప్పు లేదు.

ఎన్నికల కమిషన్ ప్రవర్తనా నియమావళి కూడా ఇదే చెబుతుంది. ఇంటివారి అనుమతి లేకుండా ఏ పార్టీవాళ్ళూ గోడల మీద నినాదాలు రాయకూడదు, జెండాలు కట్టకూడదు. బ్రెజిల్ దేశంలో కోటికి పైగా జనమున్న సావో పాలో నగరమైతే 2007 నుంచి వీధుల్లోని పెద్ద ప్రకటన బోర్డులనే మొత్తంగా తీయించేసింది.

అందం ఒక్కటే కాదు

"గోడ కాస్త మాసిపోతే ఏం కొంపలు మునుగుతాయి?" అని మీ స్నేహితుడు అడగవచ్చు. మలుపు ఉందని హెచ్చరించే బోర్డు మీద పోస్టరు పడితే? రాత్రి వచ్చే లారీ డ్రైవరుకు ఆ మలుపు కనబడదు.

చెట్టుకు కొట్టిన మేకు సంగతి చూడండి. బెరడు కిందనే ఆకుల్లో తయారైన ఆహారాన్ని వేళ్ళకు చేరవేసే పొర ఉంటుంది. మేకు దాన్ని చీలుస్తుంది. ఆ గాయంలోంచి శిలీంధ్రాలు లోపలికి చేరతాయి. చెట్టు కొమ్మల చివర పెరుగుతుందే గాని మొదలు పైకి జరగదు కాబట్టి, మేకు అదే ఎత్తున ఉండిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లావెక్కే మాను దాన్ని తనలోకి మింగేస్తుంది.

ఇప్పుడు కాగితం పోయి ఫ్లెక్సీ వచ్చింది. ఇది పాలియెస్టరు దారాల వల మీద పీవీసీ అనే ప్లాస్టిక్కును పూసిన గుడ్డ. వానకు నానదు, మట్టిలో కుళ్ళదు. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరిన్ ఉంటుంది. అందుకే దాన్ని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వంటి విషపదార్థాలు గాలిలో కలుస్తాయి.

అసలు భయం గాలితోనే. 10 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఫ్లెక్సీని గంటకు 60 కిలోమీటర్ల గాలి సుమారు 320 కిలోల బరువుతో సమానమైన బలంతో తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. 100 కిలోమీటర్ల గాలిలో అదే ఫ్లెక్సీ మీద పడే బలం దాదాపు 900 కిలోలు! నాలుగు సర్వీ కర్రలకు పురికొసతో కట్టిన బోర్డు దానికి ఆగుతుందా?

తుపానే రానక్కరలేదు. 2019 సెప్టెంబరులో చెన్నైలో రోడ్డు మధ్య అనుమతి లేకుండా కట్టిన ఒక బ్యానరు, స్కూటరు మీద వెళుతున్న యువతి మీద పడింది. ఆమె కింద పడగానే వెనక వచ్చిన నీళ్ళ లారీ ఆమె మీదుగా పోయింది. ఆమె చనిపోయింది. ఆ బ్యానరు ఒక పెళ్ళి శుభాకాంక్షలది.

మీరే చేసి చూడండి

ఒక చెంచా మైదాను చన్నీళ్ళలో కలపండి. మరో చెంచాను నీళ్ళలో కలిపి, అమ్మ సాయంతో పొయ్యి మీద చిక్కబడేదాకా ఉడికించండి. రెండు కాగితం ముక్కలు తీసుకుని, ఒకదాన్ని పచ్చిపిండితో, ఇంకోదాన్ని ఉడికిన బంకతో ఒక విరిగిన ఇటుక మీద అంటించండి. మర్నాడు రెండూ లాగి చూడండి. ఏది సులువుగా ఊడింది? ఏది ఇటుకను పట్టుకుంది? ఇదే పరీక్ష నున్నటి గాజు ముక్క మీద కాక, పాత స్టీలు పళ్ళెం మీద కూడా చేసి తేడా రాసుకోండి.

ఇటుకా పళ్ళెమూ మీ ఇంటివి కాబట్టి ఫరవాలేదు. ఎదురింటి గోడ మీద చేయాలనిపిస్తే మాత్రం, ముందు ఎదురింటివారిని అడగండి. చట్టం చెప్పేదీ అంతే!