గాజుపలకపై దస్కతు

పూర్వము దస్కతు అనగా కాగితము, కలము, సిరా. కలము పట్టనేరనివారికి బొటనవ్రేలి నిశానీ. ఇప్పుడు కాగితమును సిరాయును లేకయే సంతకములు జరుగుచున్నవి. ట్రాక్టరునకో మోటారు సైకిలునకో లైసెన్సు కోరి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి రవాణా కార్యాలయములకు పోవు రైతు ఈ సంగతి నెఱుంగును. అచ్చట ఛాయాచిత్రము తీయుటతోపాటు చిన్న పలకపై సంతకము చేయింతురు. ఆ గుర్తే కార్డుపై అచ్చుపడును. బ్యాంకులలోను, సరకులు ఇంటికి తెచ్చువారి చేతులలోను ఇట్టి పలకలు కానవచ్చుచున్నవి. కావున దీని గుణదోషములను మన సభ్యులు తెలిసికొనుట యవసరమని తలంచి యిది వ్రాయుచున్నాము.

చేవ్రాతను యంత్రముచే పట్టుట నిన్నటి తలంపు కాదు. అమెరికా దేశమున ఎలీషా గ్రే అనునాతడు తంతిమార్గమున చేవ్రాతను దూరమునకు పంపు యంత్రమునకు 1888లోనే పేటెంటు పొందెను. నేటి పలకయందు సిరా లేని కలము కదలుచుండగా, అది యున్న చోటును యంత్రము సెకండునకు నూఱుకు పైగా పర్యాయములు గుర్తించుకొనును. మేలురకపు పలక కలము నొక్కిన బలమును, వ్రాసిన వేగమును, కలము నెత్తిన తావులను గూడ దాచుకొనును. సంతకపు రూపమును చూచి అనుకరించువా డుండవచ్చును గాని, చేతి నడకను అనుకరించుట కష్టము. అన్ని పలకలు నిట్టివి కావు. కొన్ని సంతకపు బొమ్మను మాత్రమే తీసికొనును. బొమ్మను ఒక పత్రమునుండి తీసి మఱియొక పత్రమున నతికించుట సులభము.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. కాగితముపై సంతకము చేయునపుడు పైనున్న వ్రాత మన కన్నులయెదుట నుండును. పలకపై వ్రాత యుండకపోవచ్చును. పత్రము గుమాస్తా యెదుటి తెరలో నుండును. పత్రము చూడక పలకపై గీయుటకును, తెల్లకాగితముపై నిశానీ వేయుటకును భేదమేమి? తెల్లకాగితముపై వ్రేలు వేసి పొలము పోగొట్టుకొన్న కుటుంబముల కథలు మన పల్లెలకు క్రొత్తవి కావు. కాటా చూడక ధాన్యము తూయించుకొను రైతు లేడు. సంతకము విషయమునను ఆ జాగ్రత్తయే వలయును.

చట్టము సంగతియు కొంత తెలియవలయును. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ సంతకములకు మాన్యత నిచ్చినది. అయినను అందు గుర్తింపబడినవి డిజిటల్ సంతకము, ఆధార్‌తో జరుగు ఈ-సైన్ వంటి కొన్ని విధములే. పలకపై గీచిన గీత ఒక్కటే ఆ కోవకు రాదు. అంతమాత్రమున అది నిరర్థకమని యనుకొనరాదు. ఒప్పుకొన్నారనుటకు సాక్ష్యముగా న్యాయస్థానము దానిని విచారింపవచ్చును. వీలునామా, ట్రస్టు పత్రము, ప్రైవేటు వ్యక్తి పేర వ్రాయు ప్రామిసరీ నోటు మాత్రము ఈ చట్టము క్రింద ఎలక్ట్రానిక్ రూపమున చెల్లవు. అప్పిచ్చువాడు ఫోను తెరపై నోటు వ్రాయింపజూచిన ఈ మాట జ్ఞప్తియం దుంచుకొనవలెను.

సభ్యులకు మా సలహా లివి:

1. మొదట పత్రము తెరపై చూపుమని యడుగవలెను. చదువనేరనివారు తాము నమ్మినవారిచే చదివించుకొనవలెను.

2. మొత్తము, వడ్డీ, గడువు, సర్వే నంబరు సరిచూచుకొనిన పిదపనే కలము పట్టవలెను. ఖాళీలున్న పత్రమునకు సంతకము చేయరాదు.

3. మొదటి సంతకము సరిగా రాలేదని మరల చేయుమన్నచో, మొదటిది తుడిచివేయుట కన్నులార చూడవలెను.

4. ముగిసిన పత్రమునకు డిజిటల్ ముద్ర వేయుదురా యని యడుగవలెను. అట్టి ముద్ర యున్నచో తరువాత ఒక్క అంకె మార్చినను బయటపడును.

5. తేదీతో కూడిన ప్రతిని అచ్చువేయించుకొని పాసుపుస్తకముతో భద్రపఱచవలెను.

6. ఈ-సైన్ కొఱకు ఫోనునకు వచ్చు అంకెలును సంతకముతో సమానమే. వానిని పరులకు చెప్పుట కలమును చేతిని కూడ అప్పగించుటయే.

ఈ ప్రశ్న లడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు. రేపు మన సంఘములకే ఇట్టి పలకలు వచ్చినచో, కార్యదర్శి నైనను ఇట్లే యడుగవలెను. అడిగిన సభ్యునకు ఓర్పుతో చూపుట సంఘము విధి.