ప్రొవాన్సు సీమ: ఎండయు గాలియు

ఐరోపా యనఁగానే మన పాఠశాలలలో మంచును జలియును స్ఫురించును. అట్టి ఖండమునఁ బుట్టిన కావ్యమున నాయిక వడదెబ్బచే మరణించుట యెట్లు? ఫ్రెదెరిక్ మిస్త్రాల్ కవి (1830–1914) 1859లోఁ బ్రకటించిన 'మిరేయో' కావ్యమున నట్లే జరుగును. అది దక్షిణ ఫ్రాన్సునందలి ప్రొవాన్సు సీమ కథ. ఆ సీమభాషలోనే రచింపఁబడినది. ఈ కవికి 1904లో నోబెల్ బహుమానమున సగభాగము లభించెను. సీమస్వభావము నెఱుఁగక యీ కథాంతమును అతిశయోక్తి యనుట న్యాయము గాదు.

ప్రొవాన్సు రోన్ నదీముఖమునుండి తూర్పుగా మధ్యధరాసముద్రతీరమున వ్యాపించియున్నది. ఇందలి మార్సెయ్ పట్టణమున సంవత్సరమునకు దాదాపు 2800 గంటలు ఎండ కాయును. వేసవిలో వాన యరుదు. కురిసినది తఱచుగా శరత్తునందు, అదియు నొక్కుమ్మడిగా. చలికాలమున సైతము ఆకాశము నిర్మలముగా నుండుటకు 'మిస్త్రాలు' అను నుత్తరపు గాలి ముఖ్యకారణము. (కవి యింటిపేరును గాలిపేరును ఒక్కటే యగుట వింత.) ఈ పేరు 'ప్రభుసంబంధమైన' యను నర్థముగల లాటిను పదమునుండి పుట్టినది, గాలియు నట్టిదే. పడమటి సముద్రముపై వాయుభారము హెచ్చి, జెనోవా యఖాతముపైఁ దగ్గినపుడు, చల్లని పొడిగాలి ఆల్ప్సు పర్వతములకును నడిమి పీఠభూమికిని మధ్యనున్న రోన్ లోయలోఁ జొచ్చి, యిఱుకుదారిని వేగము హెచ్చి, దక్షిణమునకు దుముకును. ఒక్కొక్కపుడు గంటకు 100 కిలోమీటర్లు మించును. మబ్బులను జెదరఁగొట్టి నేల తేమను బీల్చివేయును. అందుచే రైతుల యిండ్లకు ఉత్తరపు గోడయందుఁ గిటికీలు పెట్టుట యరుదు. తోటలకు సైప్రస్ చెట్ల బారులే దడులు. గాలి దూఱిపోవుటకై యనేక గ్రామములందు గంటగోపురముల శిఖరములు ఇనుపచట్రములుగానే యుండును. ఆలివు, ద్రాక్ష యిట్టి పొడినేలకుఁ దగినవి. 1956 ఫిబ్రవరి మంచుదెబ్బకు ఆలివుతోఁటలు విస్తారముగా నశించెను; పెక్కుచోట్ల మొదళ్లనుండి మరల చిగుళ్లు పుట్టెను.

మిరేయో నడచిన త్రోవ యింకను గఠినము. సంపన్నుఁడగు రైతు కూఁతురామె. బుట్టలల్లువాని కొడుకును వరింపఁగాఁ దండ్రి యొప్పుకొనఁడు. సముద్రతీరమందలి సెంత్‌-మారీ క్రైస్తవాలయమున మ్రొక్కుకొనుటకై యొంటిగా బయలుదేఱి, మొదట క్రౌ మైదానమును దాఁటును. ఇది దురాన్సు నది పూర్వకాలమునఁ దెచ్చి పఱచిన గుండ్రాళ్ల నేల. జ్యూసు దేవుఁడు హెరాక్లీసునకు సాయముగా రాళ్లవానఁ గురిపించెనని యీస్కిలసు నాటకకర్త చెప్పినది యీ రాళ్ల గుఱించియే. 16వ శతాబ్దమున ఆదాం ద క్రాపోన్న్ దురాన్సు నీటిని గాలువద్వారా తెచ్చుటచేఁ గొంతభాగము పచ్చికపట్టయినది; తక్కినది నేఁటికిని రాళ్లబయలే. ఎండకుఁ గాఁగిన రాయి యెట్లుండునో మనవారికిఁ జెప్పనక్కఱలేదు. పిమ్మట రోన్ నదిని దాఁటి కమార్గ్ ఉప్పుభూములఁ బ్రవేశించును. అక్కడనే యామెకు వడదెబ్బ తగులును. ఆలయమును జేరియే ప్రాణము విడుచును. క్రౌ గొల్లలు సైతము వేసవిలోఁ బచ్చిక యెండిపోవుటచే మందలను ఆల్ప్సు కొండలకుఁ దోలుకొనిపోవుదురు.