ఇంటి కొట్టములోని పాత అంబాసిడరు

మంసాపురము, రాజపాళయము ప్రాంతములలో పెద్దల కాలమున కొన్న అంబాసిడరు కారు, ఇంటి ప్రక్క కొట్టములో గోనెపట్టా కప్పుకొని నిలిచియున్న యిండ్లు నేటికిని కొన్ని గలవు. అమ్మివేయుటకు మనసొప్పదు, పిల్లల నెక్కించుకొని నడుపుటకు ధైర్యము చాలదు. అట్టి బండిని ఇంటియొద్దనే బాగుచేసికొనవచ్చునా యన్నది తలిదండ్రులకు కలుగు సందేహము. చేసికొనవచ్చును. అయితే పై రంగుతో మొదలుపెట్టరాదు. బండికి ఆయువుపట్టు దాని అడుగున నున్నది. కావున అడుగుభాగమును గూర్చియు, ఇంజను బలమును వెనుక చక్రములకు చేర్చు భాగములను గూర్చియు మాత్రమే యిచట వ్రాయుచున్నాము.

మోటారు విప్పి కూర్చుట తమిళనాటి తెలుగువారికి క్రొత్త విద్య కాదు. కోయంబత్తూరు ప్రాంతమున 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు యౌవనమున ఒక మోటారు సైకిలును కొని, తామే విప్పి, మరల కూర్చి, యంత్రవిద్య నేర్చుకొనిరి. 1920లో పొల్లాచి–పళని మార్గమున బస్సు నడిపిరి. ఆయన పేర కోయంబత్తూరులో వెలసిన కార్ల ప్రదర్శనశాల సెలవులలో పిల్లలకు చూపదగినది.

ఇక అంబాసిడరు సంగతి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నమూనాపై హిందుస్థాన్ మోటార్సువారు ఉత్తరపాడాలో దీనిని 1950ల చివరనుండి 2014 వరకు తయారుచేసిరి. లారీకివలె దీనికి వేరు చట్రము లేదు. నేలరేకు, తలుపుల క్రింది పెట్టెవంటి అంచులు, పైకప్పు అన్నియు అతుకబడి ఒక్కటై బరువు మోయును. కనుక అడుగురేకు త్రుప్పు పట్టుటయనగా చూపునకు వికారము మాత్రమే కాదు, ఇంటి దూలమునకు చెద పట్టుటయే. వెనుక కమానుకట్టలు తగిలించిన చోటు పుచ్చిపోయినచో, పరుగులోనున్న బండి ఇరుసు ప్రక్కకు తొలగును.

బండిని ఎత్తునపుడు జరుగు ప్రమాదములు త్రుప్పు వలని ప్రమాదములకంటె ఘోరమైనవి. కేవలము జాకీని నమ్మి క్రింద దూరరాదు. ఇటుకలు ఒక్కసారిగా పగులును. వానిని ఆధారముగా పెట్టరాదు. గట్టి సిమెంటు నేలపై ఉక్కు స్టాండ్లను నిలుపవలెను. మరియొక విషయము పలువురికి తోచదు: చేతిబ్రేకు వెనుక చక్రములనే పట్టును. వెనుకభాగమును ఎత్తిన పిమ్మట చేతిబ్రేకు గాని, గేరు గాని బండిని ఆపజాలవు. ముందు చక్రములకు ఇరుప్రక్కల చెక్కమొద్దులను బిగించియే పని మొదలిడవలెను. పిల్లలు పనిముట్లు అందింపవచ్చును, చూచి నేర్వవచ్చును. బండి క్రిందికి మాత్రము రానీయరాదు.

పాత తారుపూత నమ్మదగినది కాదు. అది బీటవారి, ఆశ్వయుజ కార్తీకముల వానలలో చేరిన తడిని రేకునకు అంటించి దాచును; పైకి నల్లగా నిగనిగలాడుచు లోన తినివేయును. చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూచినచో మంచి రేకు ఖంగున మ్రోగును, చెడినది మూగవోవును. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడవలెను. తలుపు క్రింది అంచును కోయక ముందే తలుపు సందున లోపల అడ్డుకడ్డీ అతికింపవలెను. లేనిచో బండి నడుము వంగి తలుపులు మరల మూసికొనవు. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగను, పెట్రోలు తొట్టిని తీసివేయుట తప్పనిసరి. ఖాళీ తొట్టి నిండు తొట్టికంటె అపాయకరము. మండునది అందలి ఆవిరి. ఈ అతుకుపని తెలిసినవానిచే చేయించుటయే మేలని మా అభిప్రాయము. పిదప త్రుప్పును గీకి, ఫాస్ఫారికామ్ల ద్రావణము పూసి, జింకు ప్రైమరు వేసి, దానిపై క్రొత్త పూత నీయవలెను. నీరు కారు రంధ్రములను మూయరాదు.

బలము ప్రయాణించు దారి యిట్టిది: క్లచ్చి, గేరుపెట్టె, పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు, వెనుక ఇరుసులోని పినియను, క్రౌను చక్రము. షాఫ్టు రెండు కొనలయందును యూనివర్సల్ జాయింట్లు గలవు. వాని గిన్నెల చుట్టు ఎఱ్ఱని పొడి కనబడెనేని లోని సూదిబేరింగులు గ్రీజులేక అరుగుచున్నవని యర్థము. షాఫ్టును విప్పుటకు ముందు రెండు అంచులపై సుద్దతో కాక ఉలితో గుర్తు పెట్టవలెను. అదే గుర్తునకు బిగింపకున్న తూకము చెడి బండి వణకును. క్రౌను, పినియనులు జంటగా అరిగినవి. ఒకదానిని మార్చి రెండవదాని నుంచుట వ్యర్థము. యాక్సిలరేటరు నొక్కినపుడు ఒక రొద, వదలినపుడు మరియొక రొద వచ్చినచో ఈ జంటను శంకింపవలెను. ఇరుసునుండి తీసిన నూనెలో వేలు ముంచి చూచుట నేర్వదగిన పని. సన్నని బూడిదరంగు సహజము, చేతికి తగులు ముక్కలు సహజము కావు. గేరుపెట్టెకు ఏ నూనె వాడవలెనో బండి చేతిపుస్తకమే ప్రమాణము. ఇరుసునకు మంచిదైన గంధకపు మందు కలిసిన కొన్ని నూనెలు గేరుపెట్టెలోని ఇత్తడి వలయములను కొరుకును. నూనె తుడుచుటకు మిల్లు వేస్టు దూదికి రాజపాళయమున కొరత లేదు. నూనెదూదిని మాత్రము కొట్టములో కుప్పవేయక పారవేయవలెను.

పాత బ్రేకు లైనింగులలోను క్లచ్చి పళ్ళెములలోను ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

చట్టమును గూర్చి ఒక మాట. పదునైదేండ్లు దాటిన సొంత బండికి అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగింపు కావలెను. తొలి రిజిస్ట్రేషను నాటినుండి ఏబదియేండ్లు నిండిన బండ్లకు 2021 జులైలో కేంద్రప్రభుత్వము వేరు నిబంధనలు చేసినది. వానికి వి.ఎ. అను అక్షరములతో సంఖ్య లభించును, పత్రము పదేండ్లు చెల్లును. అయితే బండి మొదటి రూపముననే యుండవలెను, నిత్యప్రయాణములకు వాడరాదు. ఇంజనును, అడుగురేకును ఇష్టము వచ్చినట్లు మార్చినవారు ఈ అవకాశమును పోగొట్టుకొందురు. కావున తీసిన ప్రతి భాగమునకు కాగితపు చీటి కట్టి, పనికి ముందును పిదపను ఛాయాచిత్రములు తీసి యుంచుకొనుట మంచిది.

అన్నియు కూర్చిన పిమ్మట తొలి పరుగు ఒంటరిగా, ఊరి వెలుపలి ఖాళీ దారిలో, బ్రేకు పలుమారు పరీక్షించుచు సాగవలెను. అయిదువందల కిలోమీటర్లు నడచిన పిదప ఇరుసు నూనె మార్చి, షాఫ్టు బోల్టులను, కమానుకట్టల యు-బోల్టులను మరల బిగించి చూచి, అటుపై పిల్లల నెక్కించుకొనవచ్చును.